అవతలి వరస

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి మేమిద్దరం వెంకటరావు గారి అతిథిగృహం వరండాలో చాప వేసుకుని రాత్రికి పాడాల్సిన పాటలు ఎంచుకుంటున్నాం. చింతపల్లి దాటి నాలుగు మలుపులు ఎక్కితే వస్తుంది ఆ ఇల్లు. ముందు కాస్త పచ్చిక, పచ్చిక అంచు నుంచి కిందికి దిగిపోయే కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి, తోటలో పగలు కూడా మసకగానే ఉంటుంది. ఇంటి వెనక ఆరబోసిన కాఫీ పళ్ళ పులిసిన వాసన. డిసెంబరు చలికి గిటార్ తీగలు గంటకోసారి శ్రుతి తప్పుతున్నాయి.

మేమిద్దరం అంటే నేనూ, నిర్మలా. నా పేరు రవిబాబు. గిటార్ నాది, గొంతు తనది. నిర్మల మా మావయ్య కూతురు. ఇద్దరికీ అమ్మానాన్నలు లేరు, పెంచింది ఒక్కతే మామ్మ, యర్రమ్మ. వచ్చే మాఘంలో మాకు పెళ్ళి చేసేస్తానని మామ్మ ఊరంతా చెప్పుకుంటోంది. ముందు పెళ్ళికూతురు ఊళ్ళో ఉండాలి కదా. ఏడాదిగా నిర్మల విశాఖపట్నంలో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. రోజంతా నిలబడి చీరలు విప్పడం, మడతపెట్టడం. నెలకి రెండు రోజులు కొండెక్కుతుంది. ఆ రెండు రోజులూ కాళ్ళు నొప్పులని పడుకునే ఉంటుంది.

వెంకటరావు గారు మైదానం నుంచి వచ్చి ఇక్కడ మిరియాల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. ఈ అతిథిగృహం ఆయన కొత్తగా కట్టించారు. ఆ రాత్రే మొదటి విందు, విశాఖ నుంచి పన్నెండు మంది వస్తున్నారు. పాటలు నచ్చితే చలికాలమంతా ప్రతి శనివారం మాకే ఇస్తానన్నారు. అప్పుడు నిర్మల ఆ షాపు మానేసి ఇంటికి వచ్చేయొచ్చు. నాకు కావలసింది అదొక్కటే, నిర్మల ఇంటికి రావడం.

అందుకే ఆ రోజు నా మనసు ఒకచోట నిలవలేదు. ఆరు పాటలు రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. వెంకటరావు గారు షరతులు పెట్టారు. అన్నం ముందు మూడు, అన్నం తర్వాత మూడు. ఏ పాటా మూడు నిమిషాలు దాటకూడదు. ఏడుపు పాటలు వద్దు. "మీ కొండపాట ఒకటి మాత్రం ఉండాలి రవీ, వచ్చేవాళ్ళు అడుగుతారు" అన్నారు. ఆ కొండపాటని మొదట్లో పెట్టాను, తర్వాత చివరికి జరిపాను, మళ్ళీ మధ్యలోకి తెచ్చాను.

నిర్మల వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నన్నే చూస్తోంది. "బావా, పాటలు ఏరతన్నావా, బియ్యంలో రాళ్ళు ఏరతన్నావా?" అంది.

చిక్కంతా కొండపాటతోనే. మా ఊళ్ళో చోళ్ళు, అంటే రాగులు, కోసేటప్పుడు పాడతారు దాన్ని. ఈ గట్టు మీద ఒక వరస ఆడవాళ్ళు, ఎదుటి గట్టు మీద ఇంకో వరస. ఇవతలి వరస అడుగుతుంది, అవతలి వరస చెబుతుంది. ప్రశ్నలు నాలుగే. ఏం కోస్తున్నారు? చోళ్ళు కోస్తున్నాం. ఎంతమంది ఉన్నారు? మీరెంతమందో మేమూ అంతమందిమి. నీళ్ళున్నాయా? ఉన్నాయి. మీ వరసలో చోటుందా, నేనూ రానా? ఈ నాలుగోదానికి మాత్రం అవతలి వరస, పొద్దు పోయింది, నీ ఇంటికి నువ్వు పో అంటుంది. అక్కడితో పాట ఆపి, కొడవళ్ళు తీసుకుని ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు. మాటలు మా భాషలో ఉంటాయి, అర్థం ఇంతే.

ప్రతి జవాబునీ మూడేసి సార్లు తిప్పి పాడతారు కాబట్టి మొత్తం పాట ఏడు నిమిషాలు పడుతుంది. నేను జవాబులు కోసేశాను. ప్రశ్నలు నిర్మల పాడుతుంది. జవాబు ఉండాల్సిన చోట చిన్న ఖాళీ వదిలి నేను గిటార్ వాయిస్తాను. మూడు నిమిషాల్లో అయిపోతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"జవాబు నేకుండా ఎలాగ బావా?" అంది నిర్మల. "పోనీ నువ్వు సెప్పు జవాబు. ఒక్కోసారే సెప్పు."

నేను పాడను. తొమ్మిదో తరగతిలో జెండా పండగ రోజు పాడితే బడంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. పన్నెండు మంది పట్నం వాళ్ళ ముందు మళ్ళీ నవ్వులపాలు కాలేను. "గిటార్ చాల్లే" అన్నాను.

ఒకసారి పాడి చూసుకున్నాం. మొదటి ఖాళీ తర్వాత నిర్మల సరిగ్గానే అందుకుంది. రెండో ఖాళీలో నా వాయింపు అయిపోయినా ఎత్తుకోలేదు. తల కాస్త పక్కకి వంచి, తోట వైపు చూస్తూ ఆగింది. తర్వాత ఎత్తుకుంది.

"లేటుగా ఎత్తుకున్నావేటి?" అన్నాను.

"ఆళ్ళు ముగించాల కదా."

"ఎవులు?"

"ఏమో. ఖాళీ పెట్టింది నువ్వే కదా" అని ఇంకో కాయ చిట్లించింది. నిర్మల వేళాకోళం ఎప్పుడూ అలాగే ఉంటుంది, మొహంలో నవ్వు కనపడదు. నేనే నవ్వాను.

గేటు దగ్గర సిగ్నల్ దొరికితే మామ్మకి ఫోన్ చేశాను. జవాబులు కోసేశానని చెప్పాను.

"జవాబు సెప్పేదెవులు?" అంది.

"గిటార్ మామ్మా."

"దానికి నోరుందేటిరా? అడిగినోలికి జవాబు సెప్పాల. మనం సెప్పకపోతే ఎవులో ఒకలు సెప్తారు. నువ్వు పాడు. సిగ్గుపడకు."

"అలాగే" అన్నాను. పాడే ఉద్దేశం లేదు. ఫోన్ పెట్టేసి వచ్చి, కాగితం మీద కొండపాటని అన్నం తర్వాత మూడోదిగా, అంటే చిట్టచివరిదిగా రాసేశాను.

ఏడున్నరకి అందరూ వచ్చారు. పచ్చిక మధ్య నెగడు వేశారు. వెదురు బొంగుల్లో కాలుతున్న కోడిమాంసం వాసన, కమ్మటి పొగ. మంచు కిందనుంచి మెల్లగా తోటలోకి ఎక్కుతోంది. మొదటి మూడు పాటలూ బాగా వచ్చాయి. చప్పట్లు కొట్టారు. వెంకటరావు గారు నా భుజం తట్టి, "వచ్చే శనివారం ఖాళీ పెట్టుకోండి" అన్నారు. నిర్మల నా వైపు చూసింది. ఆ చూపులో షాపు లేదు, బస్సు లేదు. చాలా సంతోషమేసింది.

భోజనాల దగ్గర వెంకటరావు గారి భార్య అన్నపూర్ణ గారు విస్తళ్ళు పట్టుకుని నా దగ్గరకొచ్చారు. "రవీ, తోటలో మీవాళ్ళున్నారు కదా, ఆళ్ళకి కూడా వడ్డించమంటావా? ఎంతమంది?"

"మేమిద్దరమేనండి" అన్నాను.

"మరి మధ్యాహ్నం పాడారు కదా అటునుంచి" అన్నారావిడ. "కూలోళ్ళేమోలే." విస్తళ్ళు లోపలికి పట్టుకుపోయారు. కూలివాళ్ళు శనివారం సంతకని ఒంటిగంటకే వెళ్ళిపోయారని నాకు తెలుసు. కాగితం తీసి చివరి పాట కొట్టేశాను. మళ్ళీ శనివారాలు గుర్తొచ్చాయి. మళ్ళీ రాశాను.

అన్నాల తర్వాత రెండు పాటలు అయ్యాయి. చివరి పాట మొదలైంది.

నిర్మల మొదటి ప్రశ్న అడిగింది. నేను ఖాళీలో గిటార్ వాయించాను. నెగడులో కట్టెలు చిటపటమన్నాయి. అంతే. ఊపిరి తీసుకున్నాను.

రెండో ప్రశ్న. ఎంతమంది ఉన్నారు?

గిటార్ మీద నా వేళ్ళు కదులుతున్నాయి. దాని కింద నుంచి... సన్నగా... ఆడగొంతులు. చాలా గొంతులు, ఒక్కటిగా. తోట లోపలి నుంచి. మీరెంతమందో మేమూ అంతమందిమి. మూడుసార్లు తిప్పి పాడారు. నేను కోసేసిన జవాబు అది. నా వేళ్ళు ఆగిపోయాయి, ఆ గొంతులు ఆగలేదు.

వచ్చినవాళ్ళు సంబరపడిపోయారు. వెంకటరావు గారు నా చెవి దగ్గరకి వంగి, "మనుషుల్ని పెట్టించేవా? ఒక్కమాట చెప్పలేదే" అని గుసగుసలాడారు.

మూడో ప్రశ్న. నిర్మల లేచి నిలబడి పాడుతోంది. నీళ్ళున్నాయా?

ఉన్నాయి... ఉన్నాయి... ఉన్నాయి.

ఈసారి దగ్గర నుంచి. పచ్చిక అంచు దగ్గర నుంచి. ఎవరో ఫోన్ లైటు అటు వేశారు. కాఫీ మొక్కలు. మిరియాల తీగలు. మంచు. మనుషులు లేరు. తడి మట్టి వాసన, అప్పుడే కోసిన చోడి గడ్డి వాసన వచ్చాయి. ఆ చుట్టుపక్కల చోడి మడి ఒక్కటీ లేదు.

ఇంక వద్దని నిర్మల వైపు తల అడ్డంగా ఊపాను. తను నన్ను చూడలేదు. తోటకేసి చూస్తూ నాలుగోది అడిగేసింది. మీ వరసలో చోటుందా... నేనూ రానా...

తోటలో ఎవరో ఊపిరి తీసుకున్న చప్పుడు. ఒక్కరు కాదు. వరస మొత్తం.

వాళ్ళు ఏం చెబుతారో నాకు తెలుసనిపించింది. రమ్మంటారు. నేను గిటార్ కింద పడేసి పాడాను. బొంగురుగా, శ్రుతి లేకుండా, నా గొంతుతో. పొద్దు పోయింది, నీ ఇంటికి నువ్వు పో. మూడుసార్లూ పాడాను. ఎవరూ నవ్వలేదు.

తోట ఊరుకుంది.

చప్పట్లు మోగాయి. గండం గడిచిందనుకున్నాను. నిర్మల మైకు కుర్చీలో పెట్టింది. చెప్పులు విడిచింది. పచ్చిక దాటి తోట వైపు నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఇంటికి" అంది, వెనక్కి తిరగకుండా. "నువ్వే కదా పొమ్మన్నావు."

మా ఊరు అటు లేదు. అటు తోట, తోట దాటితే లోయ. నేను పరిగెత్తాను. మొక్కల్లోకి దిగేసరికి తను కనపడలేదు. ఆకులు మొహానికి కొట్టుకుంటున్నాయి. వెనక నెగడు వెలుతురు కూడా పోయింది. నిర్మలా... నిర్మలా... చేతులు చాచి వెతికాను. చీకట్లో ఒక చెయ్యి దొరికింది. గట్టిగా పట్టుకున్నాను. ఆ చెయ్యి కూడా నన్ను పట్టుకుంది.

అప్పుడు కిందనుంచి, లోయ దగ్గర నుంచి వినపడింది. నాలుగో ప్రశ్న. ఒక్క గొంతే. నిర్మల గొంతు. వణుకుతోంది. మీ వరసలో చోటుందా, నేనూ రానా... తర్వాత "బావా" అంది.

"బేగి రా బావా, సలేత్తంది" అంది నా పక్కనున్న నిర్మల.

కిందనున్న గొంతు ఏడుస్తోంది. నా చేతిలోని చెయ్యి వెచ్చగా ఉంది. ఎవరికి జవాబు చెప్పాలో, ఏమని చెప్పాలో తెలియలేదు. భయమేసింది. ఇంకేం లేదు, భయమే. దొరికిన చేతినే పట్టుకుని పైకి వచ్చేశాను.

ఇది జరిగి ఇరవై రోజులైంది. నాకు కావలసింది దొరికింది. నిర్మల షాపు మానేసింది, ఇంట్లోనే ఉంటోంది. వంట చేస్తుంది, నన్ను ఆటపట్టిస్తుంది. పాడదు. వెంకటరావు గారు రెండుసార్లు ఫోన్ చేస్తే గొంతు బాగోలేదని చెప్పాను.

ఆ రాత్రి జీపు దిగి వచ్చినప్పుడు మామ్మ దీపం ఎత్తి నిర్మల మొహం చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి రోజూ పొద్దు వాలే వేళకి ఒక్కతే కల్లం దగ్గరకి పోయి నిలబడి జవాబు పాడుతోంది. పొద్దు పోయింది, నీ ఇంటికి నువ్వు పో. మామ్మ ఎవరిని పంపుతోందో నేను అడగలేదు. మొదటి వారం ఎదుటి కొండ మీద నుంచి ఒక గొంతు వినపడేది. తర్వాత వాగు దగ్గర నుంచి. మొన్న మా మడి కింద నుంచి. వినపడినప్పుడల్లా నిర్మల కూర తరగడం ఆపుతుంది. అయిపోయాక మళ్ళీ తరుగుతుంది. నిన్న వడ్రంగి పైడయ్యని పిలిచి తలుపుకి లోపలివైపు రెండో గడియ కొట్టించింది.

ఇవాళ గొంతు కల్లం దాకా వచ్చింది. మామ్మ పాట మధ్యలో ఆపేసింది. కాసేపటికి వాకిట్లో అడుగుల చప్పుడు. నిర్మల లేచి రెండు గడియలూ వేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"తలుపు తియ్యరా" అంటోంది బయట నుంచి మామ్మ. "బేగి తియ్యి. ఆడగుంట సలికి వణికిపోతంది."

నిర్మల నా చేతి మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. మామ్మ ఇంకా తలుపు కొడుతూనే ఉంది, నేనింకా లేవలేదు.