తువ్వాలు మీద ఏడు రంగులు

అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకి ఏడు రంగుల బొట్టు పెట్టే భాయి టీకా పండగ మర్నాడు మా ఖాట్మండులో ఎవరికీ పని చెయ్యబుద్ధి కాదు. పోలీసులకైతే అసలే కాదు. అలాంటి పొద్దున దిల్‌శోభా శ్రేష్ఠ ఇంటి మెట్లెక్కి ఒక అమ్మాయి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. తెల్ల చీర, తెల్ల శాలువా, తెల్ల గుడ్డ బూట్లు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మా ఆయన్ని ఠాణాలో పెట్టారు దీదీ. ఆదివారంలోపు బయటికి రాకపోతే మా బతుకు బుగ్గే" అంది.

దిల్‌శోభ ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేది. ఆ ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ అయి చాలా ఏళ్ళయినా, ఎదుటివాళ్ళని బల్ల ఎక్కించేలా చూసే చూపు మాత్రం పోలేదు. ఆమె సహాయకుడు ఆంగ్‌దావా, మోకాళ్ళు మొరాయించి కొండలెక్కడం మానేసిన షెర్పా. "నేనెన్ని శిఖరాలు చూశానో గానీ దీదీ బుర్రంత ఎత్తు ఏదీ లేదు" అని దారినపోయేవాళ్ళక్కూడా చెబుతుంటాడు. "ముందు టీ పెట్టు" అంటుందామె ప్రతిసారీ.

టీ తాగాక అమ్మాయి నోరు పెగిలింది. పేరు జునకిరీ బోహరా, ఊరు పాల్పా. భర్త హస్త కొరియాలో ఉద్యోగానికి పెట్టే భాష పరీక్ష పాసయ్యాడు. ఆదివారంలోపు కొత్త పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టకపోతే అతని చోటు వెనకవాడికి పోతుంది. అందుకే పండగని కూడా చూడకుండా నిన్న పొద్దున ఫోటో దిగడానికి వెళ్ళాడు. అన్ని స్టూడియోలూ మూసేశారు. పాస్‌పోర్టు ఆఫీసు సందులో పూర్ణకాజీ చిత్రకార్ ఒక్కడే తెరిచి ఉంచాడు. అక్కచెల్లెళ్ళు లేని మనిషి, ఇంట్లో ఏం చెయ్యాలో తోచక ఏటా ఆ రోజు దుకాణం తెరుస్తాడు.

"ఫోటో దిగి పదింటికల్లా ఇంటికొచ్చేశాడు. సాయంత్రం పూర్ణకాజీ కింద పడి ఉన్నాడట, స్టూడియోలో ఇనుప లైటు స్టాండుకి తల కొట్టుకుని. ఊపిరుంది, తెలివి లేదు. కెమెరాలో చివరి ఫోటో మా ఆయనది. చివర వచ్చింది నువ్వే కాబట్టి తోసిందీ నువ్వే అని పట్టుకుపోయారు."

"ఫోటో ఎన్నింటికి తీసిందీ కెమెరాలో ఉంటుంది కదా?" అన్నాడు ఆంగ్‌దావా.

"ఆ కెమెరాలో గడియారం ఎప్పుడో ఆగిపోయిందటన్నా. మా అదృష్టం."

"మీ ఆయన ఇంటికి రావడం ఎవరైనా చూశారా?" అని అడిగింది దిల్‌శోభ.

"నేనే చూశాను. పెళ్ళాం మాట చెల్లదట. పక్కగదిలో కర్ణ ఖత్రీ ఉంటాడు, మా ఊరివాడే. మా ఆయనతోపాటే పరీక్ష రాశాడు, పాపం మూడోసారీ పోయింది. అతనైనా సాక్ష్యం చెబుతాడనుకుంటే, ఒళ్ళు వెచ్చబడి రోజంతా ముసుగుతన్ని పడుకున్నాడట, ఏమీ తెలీదన్నాడు. వాళ్ళక్క ఇంటికి కూడా పోలేదు. సాయంత్రం చూస్తే బోసి నుదురు! పండగపూట మగాడు అలా కనపడితే కడుపు తరుక్కుపోయి వాము చారు కాచి ఇచ్చాను."

"మీ ఆయన బొట్టు పెట్టించుకున్నాడా?"

"అయ్యో, లేదు దీదీ. మామగారు భాద్రపదంలో పోయారు. ఏడాదంతా మాకు తెలుపే. రంగు తగలకూడదు."

దిల్‌శోభ శాలువా కప్పుకుని లేచింది.

స్టూడియో అంటే అగ్గిపెట్టంత గది. గోడకి తెల్ల దుప్పటి, దాని ముందు ఒక ముక్కాలిపీట. మేకుకి అందరూ వేసుకునే నల్లకోటు వేలాడుతోంది. దానికి ముందు భాగమే ఉంటుంది, వెనకాల నాడాలతో కట్టుకోవాలి. అద్దం పక్కన పూర్ణకాజీ స్వయంగా రంగుతో రాసిన పలక: "నవ్వరాదు. పళ్ళు కనపడరాదు. రెండు చెవులూ కనపడాలి. నుదుట ఏమీ ఉండరాదు." పలక కింద చిలక్కొయ్యకి తువ్వాలు.

ఇన్‌స్పెక్టర్ ఢకాల్ నుదుటిమీద నిన్నటి ఏడు రంగుల బొట్టు పెచ్చులూడి ముక్కుమీద పడుతోంది. కడిగేసుకోవాలన్న ఆలోచన ఆయనకీ లేదు, మా ఊళ్ళో ఎవరికీ ఉండదు. అది అక్కచెల్లెళ్ళు ఆయుష్షు కోరి పెట్టేది. దానంతటదే రాలాలి.

"ఇంతదూరం ఎందుకొచ్చారు మేడమ్? కేసు అరటిపండు ఒలిచినట్టుంది" అని ఆయన తువ్వాలు విప్పి చూపించాడు. తెల్లటి బియ్యప్పిండి చార మీద ఎరుపు, పసుపు, పచ్చ, నీలం, ఇంకా ఏవేవో కలగాపులగంగా పులుముకుని ఉన్నాయి. "ఫోటోకోసం బొట్టు తుడుచుకున్నాడు. ఫోటో దిగాడు. బాగా రాలేదని గొడవపడ్డాడు, తోశాడు. అయిపోయింది."

దిల్‌శోభ కెమెరాలో నిన్నటి ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. నలుగురైదుగురి కంటే ఎక్కువ లేరు. చివరగా నల్లకోటులో హస్త.

"ఆంగ్‌దావా, వీళ్ళ నుదుళ్ళు ఎలా ఉన్నాయి?"

"శుభ్రంగా ఉన్నాయి దీదీ."

"తుడిచినట్టా, అసలు పెట్టనట్టా?"

ఆంగ్‌దావా కెమెరాని ముక్కుకి ఆనించుకున్నంత పని చేశాడు. "పెట్టనట్టే. తుడిస్తే ఎర్రగా మరక ఉండదూ?"

"నిన్న ముహూర్తం ఎప్పుడు?"

"రేడియోలో చెప్పారుగా, మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు. దేశమంతా ఒకటే గడియ."

దిల్‌శోభ తువ్వాలు మడతపెట్టి జాగ్రత్తగా ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది. "దీన్ని ఉతికించకండి" అంది.

ఠాణాలో హస్త గోడకి ఆనుకుని మోకాళ్ళమీద గడ్డం పెట్టుకుని ఉన్నాడు. గది ఎంత ఇరుకంటే కాళ్ళు చాపితే ఊచలకి తగులుతాయి. చలికని ఎవరిదో అరువు నల్ల జాకెట్టు గొంతుదాకా లాక్కున్నాడు. జునకిరిని చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"నవ్వొద్దు, నవ్వొద్దు అన్నాడు దీదీ ఆ పెద్దాయన" అన్నాడు. "కొరియా పోతున్నానని లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తోంది. నేనేం చెయ్యను? తీసినవన్నీ చెరిపేసి మళ్ళీ తీశాడు. విసుక్కోలేదు కూడా, వేణ్ణీళ్ళిచ్చాడు తాగమని. ఇప్పుడు తియ్యమనండి, ఒక్కసారికే వస్తుంది."

"పాస్‌పోర్టుకి చూపించాల్సిన నీ పౌరసత్వం కార్డు ఎక్కడుంది?"

"ఇంట్లో, దేవుడి పటం వెనక. పదహారేళ్ళప్పుడు తీసుకున్నది. ముఖం కూడా సరిగా కనపడదు."

"అక్కడుంటుందని ఎవరికి తెలుసు?"

"మా ఇద్దరికీ. కర్ణకీ తెలుసు, ఆ గది ఈ గది అని మాకేం తేడా లేదు."

మధ్యాహ్నానికి జునకిరీ ఇంటికెళ్ళి చూసి రొప్పుతూ వచ్చింది. పటం వెనక కార్డు లేదు. పోలీసులే పట్టుకుపోయి ఉంటారని ఆమె అనుకుంది. దిల్‌శోభ ఆంగ్‌దావాని వెంటపెట్టుకుని కలంకీ వైపు బస్సెక్కింది.

కర్ణ అక్క గోమా ఇంటి గడప దగ్గర పండగ తంతుకి పగలగొట్టిన అక్రోటు పెంకులు చితికిపడి ఉన్నాయి. లోపల మట్టినేల మీద, బొట్టు పెట్టించుకునేవాణ్ణి కూర్చోబెట్టే చాప చుట్టూ నూనెతో గీసిన గుండ్రటి గీత ఇంకా మెరుస్తోంది. గోమా గలగలా మాట్లాడే మనిషి. ఎవరో ఏమిటో అడక్కుండానే పండగకి వండిన బియ్యప్పిండి సేల్ రొట్టెలు చేతిలో పెట్టింది.

"తినండి, మిగిలిపోయాయి. ఎవరు తింటారు నాకు?"

"నీకు తమ్ముళ్ళెంతమందమ్మా?"

"ఒక్కడే దీదీ. అమ్మ పోయినప్పుడు పాలు తాగే పిల్లాడు. నేనే ఎత్తుకు పెంచాను."

దిల్‌శోభ రొట్టె కొరక్కుండా ఆంగ్‌దావా చేతిలో పెట్టింది. రేపు స్టూడియో దగ్గరికి రమ్మని చెప్పి లేచింది. బస్సులో ఆంగ్‌దావా ఏదో అడగబోతే, "ఇవాళ నన్ను పొగడకు" అంది.

మర్నాడు అగ్గిపెట్టంత గదిలో అందరూ ఒకరి భుజాలు ఒకరికి తగులుతూ నిలబడ్డారు. బేడీలతో హస్త, పక్కన జునకిరీ, మూల మేకుకున్న కోటు కింద కర్ణ, గోమా, తలుపుకి అడ్డంగా ఇన్‌స్పెక్టర్. బయట సందులో జనం కదలడం వినిపిస్తోంది, లోపల గాలి ఆడటం లేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, తువ్వాలుకి అంటింది హస్త బొట్టని కదా మీరన్నది?" అని మొదలుపెట్టింది దిల్‌శోభ. "హస్త జాకెట్టు గుండీలు విప్పండి."

లోపల తెల్ల చొక్కా. దాని కింద తెల్ల బనీను. కాళ్ళకి తెల్ల గుడ్డ బూట్లు.

"ఊళ్ళో సగం మంది కుర్రాళ్ళు తెల్లబూట్లే వేస్తున్నారు మేడమ్, ఎవరు తండ్రి పోయినవాడో ఎవరు షోకుకి వేసినవాడో నాకేం తెలుస్తుంది?" అని గొణిగాడు ఢకాల్.

"అడిగితే తెలిసేది. తండ్రి పోయి మూడు నెలలు కాలేదు. ఈ ఏడాది అతనికి బొట్టు లేదు, రంగు లేదు. కాబట్టి తువ్వాలుకి తుడుచుకున్నవాడు వేరే ఒకడు. వాడు ముహూర్తం దాటాకే వచ్చాడు, అంతకుముందు దేశంలో ఎవరి నుదుటా బొట్టు లేదు. ఫోటో దిగడానికే తుడుచుకున్నాడు. లేకపోతే పండగనాడు ప్రాణం పోయినా ఎవరూ తుడుచుకోరు. మరి వాడి ఫోటో కెమెరాలో ఏది?"

"చెరిపేశాడు!" అని అరిచాడు ఆంగ్‌దావా ఆగలేక.

"చెరిపేశాడు. దాంతో పొద్దున తీసిన హస్త ఫోటో చివరిదైంది. తర్వాత వాడు మరక కడుక్కుని బోసి నుదురుతో ఇంటికి పోయాడు. ఎవరైనా అడుగుతారు కదా, అందుకని అసలు బొట్టే పెట్టించుకోలేదని, జ్వరమని చెప్పాడు." దిల్‌శోభ గోమా వైపు తిరిగింది. తర్వాతి ప్రశ్న అడగడం ఆమెకి ఇష్టం లేదు, అది ఆమె ముఖంలోనే తెలుస్తోంది. "గోమా, పండగరోజు మీ తమ్ముడు వచ్చాడా?"

"రాకేం?" అంది గోమా ఉత్సాహంగా. "సరిగ్గా ముహూర్తానికి దిగాడు. వాడి చుట్టూ నూనె గీత గీశాను, యముడు దాటకుండా. అరిటాకు చీలిక పెట్టి ఏడు రంగులూ వంకర లేకుండా దిద్దాను. తిని వెళ్ళరా అంటే పనుందని పరుగెత్తాడు. ఏరా కర్ణా, చెప్పవేం?"

జునకిరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోమా నవ్వుతూనే ఒక్కొక్కరి ముఖం చూసింది, తర్వాత తువ్వాలు వైపు చూసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

కర్ణ తప్పుకుందామన్నట్టు కదిలాడు. ఎటు జరిగినా గోడే.

"నాకు జ్వరం..." అన్నాడు.

"నా వైపు చూసి చెప్పు" అంది గోమా.

పోలీసులతో ఎంత బొంకేవాడో గానీ, ఎత్తుకు పెంచిన మనిషి ముందు వాడికి నోరు రాలేదు. తను వేసుకున్న కోటు లోపలి జేబులోంచి హస్త పౌరసత్వం కార్డు తీసి పీట మీద పెట్టాడు.

"మూడుసార్లు రాశానక్కా. ఇక వయసు దాటిపోతుంది. వీడి పేరుతో, నా ముఖంతో పాస్‌పోర్టు తీసుకుందామనుకున్నాను. వీడికంటే ముందే దరఖాస్తు పడేస్తే చాలనుకున్నాను. ఫోటో తీశాక ముసలాయన కవరు మీద పేరు రాస్తానన్నాడు. హస్తబహాదుర్ బోహరా అన్నాను. 'పొద్దున ఒక హస్తబహాదుర్‌ని తీశానే, నువ్వెవరివి?' అని చొక్కా పట్టుకున్నాడు. విడిపించుకుందామని తోశాను. అంతే. చంపాలని కాదు."

"మిగతా స్టూడియోలు తెరిచి ఉంటే దొరికేవాడు కాదు" అన్నాడు ఢకాల్.

"పండగపూట తెరిచేది ఇదొక్కటే. ఇద్దరికీ వేరే దారి లేదు" అంది దిల్‌శోభ.

హస్త బేడీలు తీసేశారు. మణికట్లు రుద్దుకుంటూ అతను కర్ణ వైపు చూశాడు, తిట్టడానికి నోరు తెరిచి తిట్టలేకపోయాడు. "అడిగితే నేనే పక్కన కూర్చోబెట్టి చదివించేవాణ్ణి కదరా" అన్నాడు. ఆసుపత్రి నుంచి పూర్ణకాజీ కళ్ళు తెరిచాడని కబురొచ్చింది. రెండు సందుల అవతల స్టూడియో తెరిచారని జునకిరీ హస్త చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అక్కడ అతని ఫోటో ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. నవ్వు జాడ కూడా లేదు.

గోమా గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. దిల్‌శోభ పక్కన కూర్చుంది.

"నన్ను అడక్కుండా ఉండాల్సింది దీదీ. యముడు రాకూడదని గీత గీశాను. నా నోటితో నేనే వాణ్ణి పట్టిచ్చాను."

దిల్‌శోభ ఆమె చెయ్యి పట్టుకుంది.

కర్ణని తీసుకుపోతుంటే ఢకాల్ తలుపు దగ్గర ఆగి, పండగరోజు అక్కచెల్లెళ్ళని జైల్లోకి రానిస్తారమ్మా అని చెప్పాడు. ఆయనకి తోచిన ఓదార్పు అది. గోమా లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని, తమ్ముడికి ఎదురుగా వెళ్ళి వాడి బోసి నుదుటిమీద అరచెయ్యి పెట్టింది.

"వచ్చే ఏడు అక్కడికే వచ్చి పెడతాను" అంది. "ఈసారి మాత్రం తుడుచుకోకురా."