ఫిల్టర్ సున్నా

మధ్యాహ్నం మూడున్నర. సిమ్యులేటర్ గదికి కిటికీల్లేవు. బయట ఎండ మండిపోతున్నా లోపల మూడు తెరల నీలి వెలుతురే. వేడెక్కిన మోటారు వాసన, పాత తోలు వాసన, వాటి అడుగున ఎక్కడో ఇంకా వదలని తమ్ముడి చెమట వాసన. సీటు ఇప్పటికీ తొమ్మిదో గాడిలోనే ఉంది. వాడు పొడుగు కాళ్లవాడు. అక్క కూర్చోవాలంటే మూడో గాడిదాకా ముందుకి లాక్కోవాలి. మూడు నెలలుగా లాక్కోలేదు. సీటు అంచున కూర్చునే పని కానిస్తోంది.

ఈ గది ఉన్న రేసు కంపెనీకి కారు తోలింది తమ్ముడు. ఆ కారు తీరుని, గదిలోనే తోలి చూసే ఈ సిమ్యులేటర్ స్టీరింగులోకి దింపేది అక్క. స్టీరింగు చక్రం వెనక ఉండే మోటారు ప్రతి గతుకునీ, టైరు జారే ప్రతి క్షణాన్నీ చేతులకి చెబుతుంది. మరీ గరగరలాడితే ఫిల్టర్ పెంచి నున్నగా చెయ్యాలి. ఎనిమిది దగ్గర పెట్టడం అక్కకి అలవాటు. వాడికి మాత్రం గిట్టేది కాదు. "అక్కా, ఇంకా తగ్గించవే. నిజం తెలియట్లేదు" అని ప్రాణం తోడేసేవాడు.

మూడు నెలల కింద, ఏడో మలుపులో, అసలు కారు గోడని గుద్దుకుంది.

డ్రైవర్ తప్పు, చక్రం తిప్పలేదు అని కంపెనీ నివేదిక తేల్చేసింది. చెమట వాడిది, గెలిచిన కప్పులు వాళ్లవి, నేరం మళ్లీ వాడిదే! చచ్చినవాడు నోరు తెరవలేడన్న ధీమా మీద ఎన్ని కంపెనీల గోడలు నిలబడి ఉన్నాయో. ఆ నివేదికలో స్టీరింగు బలాన్ని చూపే గీత నున్నగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది. కింద సంతకం అక్కది. ఏడ్చి ఏడ్చి కళ్లు కనబడని రోజుల్లో, ఫిల్టర్ ఎనిమిది మీద ఉందని చూసుకోకుండా తీసి ఇచ్చిన గీత అది.

నాలుగింటికి అధికారులు విచారణకి వస్తున్నారు. కారులో నమోదైన ఆఖరి చుట్టుని ఈ స్టీరింగు మీద ఆడించి, చేతులు పెట్టి చూస్తారు. తమ్ముడి మీద పడ్డ మచ్చ పోతే ఇవాళే పోవాలి.

అక్క ఫిల్టర్ దించింది. ఆరు. నాలుగు. రెండు. దిగేకొద్దీ చక్రం నిద్రలేస్తున్నట్టుంది...

సున్నా. చక్రం పట్టుకుని ఆఖరి చుట్టు ఆడించింది.

టక్. టక్.

బయల్దేరే ముందు బొటనవేళ్లతో చక్రాన్ని రెండుసార్లు తట్టడం తమ్ముడి అలవాటు. కానీ అంత చిన్న దెబ్బ ఏ రికార్డులోకీ ఎక్కదు.

ఏడో మలుపు వచ్చింది. గర్రుమని ఒక వణుకు. ఆ వెంటనే చక్రం గోడలా బిగుసుకుపోయింది. ఆ బిగువు మీద రెండు చేతులు లాగుతున్నాయి... ఆమె చేతుల కింద నుంచి.

వాడు తిప్పాడు. ఉన్న ప్రాణమంతా పెట్టి తిప్పాడు. తిరగనిది స్టీరింగే.

తలుపు తోసుకుని కంపెనీ ఓనరు వచ్చాడు.

"ఏమ్మా, ఇంకా కుస్తీ పడుతున్నావా? ఫిల్టర్ ఎంతలో పెట్టావు?"

"సున్నాలో సార్."

"మతి పోయిందా? వచ్చినవాళ్ల చేతులు విరగ్గొడతావా ఏంటి? పదికి పెంచు. వెన్నలా ఉండాలి."

"ముందు మీరు పట్టుకోండి సార్. వెన్నో ఎముకో మీకే తెలుస్తుంది."

నవ్వుతూ కూర్చున్నాడు. బొటనవేళ్లు చక్రం లోపలికి దోపాడు. ఈ పని తెలిసినవాళ్లు కల్లో కూడా అలా పట్టుకోరు. మోటారు ఒక్క గుంజు గుంజితే వేళ్లు చువ్వల మధ్య చిక్కి విరుగుతాయి. అక్క చూసింది. చెప్పబోయింది. చెప్పలేదు. చుట్టు మళ్లీ ఆడించింది.

టక్. టక్.

"ఇదేంటి, తడుతోంది?"

ఏడో మలుపుదాకా అతని ముఖాన నవ్వు ఉంది. తర్వాత చక్రం గిర్రున తిరిగింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు.

"ఆపు! ఆపు!"

అక్క ఎర్ర బటన్ నొక్కింది. ఆగలేదు. గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్గు పీకింది. తెరలు ఆరిపోయాయి. చీకటి. ప్లగ్గు ఆమె చేతిలోనే ఉంది...

మోటారు తిరుగుతూనే ఉంది.

"ఎవరివో చేతులు... నా చేతుల మీద..." ఓనరు గొంతు ఏడుపులోకి దిగింది. "చెప్పాడమ్మా... స్టీరింగు జాయింటు పట్టేస్తోంది, మార్చమన్నాడు... రేసు అయ్యాక చూద్దాంలే అన్నాను... చెప్పేశాను కదా... వదలమను..."

అక్క వదలమనలేదు.

రెండో పుల్ల విరిగింది.

గుమ్మంలో టార్చి వెలిగింది. మోటారు ఆగిపోయింది. విచారణకొచ్చిన పెద్దావిడ. వెనకాల నలుగురు వచ్చి ఓనరుని మోసుకుపోయారు.

"ఆ మాటలన్నీ విన్నానమ్మా. మీ తమ్ముడి తప్పేం లేదని రాస్తాను," అందావిడ. వెళ్లబోతూ ఆగింది. "మరి మొదటి నివేదికలో ఆ నున్నటి గీత కింద సంతకం ఎవరిది?"

"నాదేనండి."

ఆవిడ బయటికి నడిచింది. టార్చి దూరమైంది. తలుపు దానంతటదే మూసుకుంది.

చీకట్లో ఖాళీ సీటు ముందుకి కదిలింది.

టిక్... ఎనిమిది. టిక్... ఏడు. అక్క మనసులోనే లెక్కపెట్టింది. ఆరో టిక్కుకి ఆగింది.

మూడో గాడి. ఆమె కాళ్లకి సరిగ్గా అందేంత దూరం.

టక్. టక్.