క్వారీ మలుపులో చెయ్యి

క్వారీ మలుపు పేరెత్తితే చాలు, మా వైపు డ్రైవర్లు మాట మార్చేస్తారు. మూతపడిన రాళ్ల క్వారీని ఆనుకుని రోడ్డు అక్కడ ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. కుడివైపు మోకాలెత్తు పిట్టగోడ. దాని అవతల అడుగు కనపడని గొయ్యి. చీకటి పడ్డాక ఆ మలుపులోకి వచ్చిన బండి స్టీరింగ్ మీద ఒక చల్లటి చెయ్యి పడుతుందట... డ్రైవరు ఎడమకు తిప్పుతుంటే అది కుడికి లాగుతుందట.

ఆ చెయ్యి చల్లగా ఉంటుందని కలిపింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను. నాది పంచర్ల షాపు. గాలి కొట్టేంతసేపు కస్టమరు ఊరికే నిలబడలేడు, నేను నోరు మూసుకుని ఉండలేను. అసలు కథ మాత్రం పక్క షెడ్డులోని మెకానిక్ మేస్త్రిది. ఇప్పుడు చెప్పబోయేది కూడా అతను నా బల్ల మీద కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పిందే.

మూడేళ్ల కిందట ఆ మలుపులో పోయినవాడు మేస్త్రికి ప్రాణస్నేహితుడు. పాత పికప్ ట్రక్కు నడిపేవాడు. అందరం ‘నిదానం’ అని పిలిచేవాళ్లం. సైకిళ్లు కూడా అతని బండిని దాటుకుని పోయేవి మరి. అలాంటివాడు ఖాళీ రోడ్డు మీద, చినుకు కూడా లేని రాత్రి, పిట్టగోడను బద్దలుకొట్టుకుని గోతిలో పడ్డాడంటే... అది మనిషి పని కాదనుకున్నాం.

“అక్కడ స్టీరింగును ఏదో లాగుతుంది. నాకూ ఒకసారి అయింది” అని మొట్టమొదట అన్నది మేస్త్రే. బండ్ల సంగతి అతనికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అందరం నమ్మేశాం.

క్రేనుతో గోతిలోంచి పైకి తీసిన ఆ బండిని తను బాగుచెయ్యలేనన్నాడు మేస్త్రి. వేరేచోట ఎవరో అతుకులేసి రోడ్డెక్కించారు. నిదానం భార్య డ్రైవింగ్ నేర్చుకుని, అదే బండిలో షాపులకు మంచినీళ్ల క్యాన్లు వెయ్యడం మొదలుపెట్టింది. మొన్నామధ్య ఒక సాయంత్రం ఆ బండి మేస్త్రి షెడ్డు ముందు ఆగింది.

“అన్నయ్యా, స్టీరింగ్ బాగా లూజైపోయింది. జానెడు తిప్పినా చక్రాలు పలకట్లేదు. రేపు తెల్లారే లోడుంది, క్వారీ మీదుగా వెళ్లాలి.”

పాత బండిలో లూజు ఎక్కడుందో పట్టుకోవాలంటే ఇద్దరుండాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగును కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదపాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యేసి చూడాలి. అరిగిన చోట, వదులైన చోట అరచేతికి టిక్కుమని తగులుతుంది. ఇరవై ఏళ్లపాటు బండి కింద మేస్త్రి, పైన సీట్లో నిదానం. పైన కూర్చున్నవాడికి ఒక లెక్కుండేది. ఎడమకు రెండుసార్లు, కుడికి ఒకసారి, కాస్త ఆగి మళ్లీ మొదలు.

ఆ సాయంత్రం మేస్త్రి కింద పడుకోలేదు. టైర్లలో గాలి చూశాడు. బానెట్ ఎత్తి స్టీరింగ్ బాక్సు మీది స్క్రూని పావు చుట్టు బిగించాడు. ఆమె డ్రైవరు తలుపు తీసి పట్టుకుని, ఇంకా ఏదో ఉందన్నట్టు నిలబడింది.

“అంతేనమ్మా. బాక్సు లూజు” అన్నాడతను.

ట్రయల్ చూడ్డానికి ఇద్దరూ బయల్దేరేసరికి వెలుగు పోయింది. తిన్నటి రోడ్డు మీద బండి బాగానే ఉంది. క్వారీ కంచె రేకులు కనపడగానే మేస్త్రి వెనక్కి తిప్పబోయాడు.

“మలుపు దాకా పోనివ్వండి. రేపు నేను వెళ్లాల్సింది అక్కడికే కదా” అందామె.

కాదనడానికి కారణం ఏం చెబుతాడు? పోనిచ్చాడు. మలుపులో స్టీరింగ్ ఎడమకు తిప్పాడు...

స్టీరింగ్ తిరిగింది. బండి తిరగలేదు.

పిట్టగోడ మీదికొచ్చేసింది. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. అప్పట్లో బద్దలైన గోడకు కట్టిన అతుకు దగ్గర, బెత్తెడు దూరంలో బండి ఆగింది. తను పుట్టించిన దెయ్యం తన చేతుల్లోంచే స్టీరింగ్ లాక్కుంది.

హ్యాండ్ బ్రేకు లాగాడు. “నువ్వు టార్చి పట్టుకుని మలుపు అవతల నిలబడమ్మా. ఎదురుగా ఏదైనా వస్తే ఊపు” అన్నాడు. ఆమె వెళ్లింది. అతను ఇంజన్ ఆపి, తలుపు కూడా వెయ్యకుండా, నుదుటికి లైటు కట్టుకుని స్పానరుతో కిందికి దూరాడు. అక్కణ్నుంచి చూస్తే మలుపు అవతల టార్చి వెలుగు కదలకుండా కనిపిస్తోంది.

గాలికి క్వారీ రేకులు దబదబా కొట్టుకుంటున్నాయి. ఎడమ చక్రం దగ్గరి జాయింటు మీదికి చెయ్యి చాచాడు... ఆగిపోయాడు. మూడేళ్ల కిందట ఆఖరిసారి ముట్టుకున్న చోటది. షెడ్డులో కింద పడుకోనిది దాన్ని మళ్లీ చూడలేకే.

అప్పుడు — పైన స్టీరింగ్ కదిలింది.

ఎడమకు. మళ్లీ ఎడమకు. కుడికి ఒకసారి.

ఆగింది.

మేస్త్రి తల తిప్పి చూశాడు. మలుపు అవతల టార్చి ఎక్కడిదక్కడే ఉంది.

ఎడమ... ఎడమ... కుడి.

“ఒరేయ్...” అన్నాడు. ఆ మాట తనకే సరిగ్గా వినపడలేదట. పారిపోదామంటే కాళ్లు బండి కిందే ఉన్నాయి. ఇక ఏమైతే అదైందని జాయింటు మీద చెయ్యేశాడు. టిక్కుమంది. లైటు వెలుగులో చూస్తే నట్టు సగం వదిలేసి ఉంది. నట్టు ఊడిపోకుండా దాని గుండా అడ్డంగా ఒక చిన్న ఇనుప పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లనూ విడదీసి వంచుతారు. ఆ రంధ్రంలో పిన్ను లేదు, తెగిపోయిన తీగముక్క ఉంది. బాగుచేసిన మహానుభావుడు తీగతో సరిపెట్టాడు.

“అప్పుడు ఆ తీగ కూడా లేదురా” అన్నాడు మేస్త్రి చీకట్లోకి. “నేనే పెట్టలేదు. మర్చిపోకూడదని పిన్ను పళ్ల మధ్య పట్టుకుని నట్టు బిగిస్తాను కదా... నువ్వు పైనుంచి ఏదో కూశావు. నవ్వొచ్చి, పిన్ను తీసి జేబులో వేసుకున్నాను. సాయంత్రం చొక్కా విప్పుతుంటే దొరికింది. నువ్వింకా బయల్దేరలేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇంత మేస్త్రి పిన్ను మర్చిపోయాడని నువ్వు పదిమందికీ చెప్పి నవ్విస్తావని... నట్టు గట్టిగానే ఉంది, పొద్దున పెడదాంలే అనుకున్నాను. తర్వాత దెయ్యం మీదికి తోసేశాను.”

స్టీరింగ్ కదల్లేదు. ఇక మళ్లీ కదల్లేదు.

మేస్త్రి పర్సులో చిన్న కాగితం పొట్లం ఉంటుంది. అందులో ఆ పిన్నే. పారేయలేక, ఎవరికీ చూపించలేక మూడేళ్లు మోశాడు. నట్టు బిగించి, రంధ్రాలు కలిపి, దాన్ని దూర్చి కాళ్లు వంచాడు. ఏడుస్తున్నానన్న సంగతి చెవుల్లోకి నీళ్లు కారాక తెలిసిందట.

బయటికొచ్చి, తలెత్తి చూశాడు. డ్రైవరు సీట్లో — స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని — నిదానం భార్య.

“టార్చి గోడ మీద పెట్టొచ్చాను, వచ్చేవాళ్లకు కనపడుతుంది కదా. ఇక్కడ మీకు తిప్పేవాళ్లు లేరని...” అంది. కాస్త ఆగి, “ఇంటి దగ్గర ఆయన బండి కింద పడుకున్నప్పుడల్లా నన్నే కూర్చోబెట్టేవారు. ఇలా తిప్పాలని నేర్పించింది ఆయనే” అంది.

మేస్త్రి చేతిలోని స్పానరును రోడ్డు మీద పెట్టాడు.

“పిన్ను పెట్టారా?”

“పెట్టానమ్మా.”

ఆమె దిగింది. అతని నుదుటి లైటు అడిగి తీసుకుని, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది. పిన్ను కాళ్లు వేలితో లాగి చూసింది. లేచి వీపు దులుపుకుంది.

“ఏదో ఒకటి అనమ్మా నన్ను” అన్నాడు మేస్త్రి.

 ఆమె గోడ మీది అతుకు వైపు చూస్తూ నిలబడింది.

“చల్లటి చెయ్యి లాగిందని, ఇంకేదో అని, అందరూ చెప్పారన్నయ్యా. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆ రాత్రి నిద్ర లేకుండా వెళ్లొద్దన్నా ఆయన వినలేదు. అందుకని ఈ మూడేళ్లూ ఆయన్నే తిట్టుకున్నాను... స్టీరింగ్ మీద నిద్రపోయి నన్నిలా చేశాడని. రోజూ తిట్టాను.”

అంతే అంది. వెళ్లి టార్చి తెచ్చుకుంది, సీట్లో కూర్చుంది, “ఎక్కండి” అంది.

మేస్త్రి పక్క సీట్లో కూర్చున్నాడు.  ఆమె బండిని ఎంత మెల్లగా నడిపిందంటే, షెడ్డు చేరేలోపు రెండు సైకిళ్లు వాళ్లను దాటుకుని పోయాయట.