మేనమామ దిద్దిన కాగితం

"ఫేలయ్యి ఉంటది... లేకుంటే ఇంత పొద్దెక్కినా రాకుంట ఉంటదా పిల్ల?"

పెనం మీద జొన్నరొట్టె మాడుతున్నా బాలమ్మకు తెలియలేదు. లోపల అనుకోబోయిన మాట పైకే వచ్చేసింది. గుమ్మం దగ్గర కూర్చుని పగ్గం పేనుతున్న ఆమె భర్త యేసయ్య తల ఎత్తకుండానే అన్నాడు.

"నీ నోట్లె ఎన్నడన్న మంచిమాట పుడతదా? మొగులు పట్టి వాన రాకముందే గుడిసె కూలిందంటవు. ముందుగాల రొట్టె సూడు."

"రొట్టె మాడితే ఇంకోటి జేస్త. పిల్ల బతుకు మాడితే ఏం జెయ్యాలె?"

బాలమ్మ తీరే అంత. పిల్ల దగ్గితే క్షయ అనుకుంటుంది. మేక ఇల్లు చేరడం ఆలస్యమైతే తోడేలు నోట పడిందని శోకాలు తీస్తుంది. బిజినేపల్లిలో ఆ వాడవాళ్ళకు ఆమె భయాలు నవ్వులాటే. కానీ ఆనాటి భయం వెనుక ఇంకో సంగతి ఉంది. అది మొగుడికి చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి కూడా సగమే చెప్పుకొని, మిగతా సగం దగ్గర ఆమేన్ అనేసింది!

మధ్యాహ్నం దాటాక కాంతమ్మ వచ్చింది. నెత్తిమీద రేకుపెట్టె, కాళ్ళనిండా దుమ్ము. నాగర్‌కర్నూలు మిషన్ బోర్డింగు బడిలో చదివే పిల్ల. మిడిల్ పరీక్ష రాసింది. పెట్టె దించి, కుండలో నీళ్ళు ముంచుకొని తాగి, అప్పుడు చెప్పింది.

"పాసయిన."

యేసయ్య పగ్గం పడేసి లేచాడు. "సూసినవా? నేనేమంటి?"

కానీ తల్లి కళ్ళు పిల్ల ముఖం మీదే ఉన్నాయి. పాసైన పిల్ల ముఖం అట్లా ఉంటుందా?

"దవాఖానకు తీసుకోరంట" అంది కాంతమ్మ మెల్లగా. "నర్సు పని నేర్చుకోనీకె ఫస్టు తరగతి రావాలెనంట. లెక్కలల్ల వచ్చినయి. ఇంగ్లీషుల వచ్చినయి. తెలుగుల తక్కువైనయి."

"తెలుగులనా?" యేసయ్యకు నమ్మకం కుదరలేదు. "గుడిల వాక్యం నువ్వు సదివితే పాస్టరయ్య నోరు తెర్సుకొని వింటడు. తెలుగుల తక్కువెట్లయితయి?"

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులవి. పెద్ద దవాఖానకు నర్సులు కావాలని, తిండీ బట్టా ఇచ్చి పని నేర్పుతారని బడి చూసే దొరసాని చెప్పినప్పటినుంచీ కాంతమ్మ దానిమీదే ఆశ పెట్టుకుంది. అది తప్పితే పటేలు చేను ఉండనే ఉంది. యేసయ్య అక్కడే జీతగాడు. బాలమ్మ నడుము అక్కడే వంగింది.

"దొరసాని ఒక మాట చెప్పింది" అంది కాంతమ్మ. "అమ్మనో నాయిననో వచ్చి ఒప్పుకుంటే, తెలుగు కాగితం వేరే పంతులుతోని మళ్ళ దిద్దిస్తరంట. మార్కులు పెరిగితే పెరిగినయి. తగ్గితే మాత్రం తగ్గినయే ఖాయమంట. ఆదివారం లోపట చెప్పాలె. నాకైతే వద్దు నాయినా."

"ఎందుకు వద్దు?"

"ఆ కాగితం దిద్దింది సామ్యూల్ మామ."

ఇల్లు ఒక్కసారిగా చల్లబడినట్టయింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... ఈ మూడు చోట్ల మిషన్ బళ్ళలో ఒకచోటి పిల్లలు రాసిన కాగితాలు ఇంకొకచోటి పంతుళ్ళు దిద్దుతారు. ఈ ఏడు నాగర్‌కర్నూలు పిల్లల తెలుగు కాగితాలు గద్వాలకు వెళ్ళాయి. గద్వాలలో తెలుగు పంతులు సామ్యూల్. బాలమ్మ తోడబుట్టిన అన్న.

"మేనమామనే కోసిండా మార్కులు!" యేసయ్య నవ్వాడు, కానీ ఆ నవ్వులో పుల్లదనం ఉంది. "రేపే పోయి ఒప్పుకుంట. దిద్దనీ."

"నాకు పలక మీద అక్షరాలు దిద్దిచ్చిందే మామ. మామ తప్పు చేసిండని నేనే చెప్పాల్నా?"

"చెప్పకుంటే రేపటి సంది కలుపుకు పో మీ అమ్మతోని."

పిల్ల తల వంచుకుంది. బాలమ్మ లేచి కుండకు మూత పెట్టింది. ఆమెకు తెలుసు... ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు, ఆ మార్కులు ఎందుకు తగ్గాయో!

పరీక్షలకు ముందు వదినెకు ఒంట్లో బాగాలేదని గద్వాల వెళ్ళింది. పోతూ పోతూ అన్నకు ఇష్టమని పుంటికూర తొక్కు తీసుకెళ్ళింది. ఒకప్పుడు ఇంట్లో ఒక్కరే చదవగలిగే రోజుల్లో అన్నే చదవాలని తను మూడో తరగతిలో పలక అటక మీద పెట్టేసి మేకల వెంట వెళ్ళింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, ఆనాడూ ఎత్తలేదు. అన్నం వడ్డిస్తూ, "అన్నా, పరీక్ష పర్చాలు దిద్దనీకె నీ కాడికే వస్తయంట గద... పిల్ల చేతిరాత నీకు ఎర్కే. జర కనిపెట్టుకో" అంది. అంతే. సామ్యూల్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. అవునని అనలేదు, కాదని అనలేదు. కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. ఇట్లాంటివి మగవాళ్ళు నోటితో ఒప్పుకోరులే, మనసులో పెట్టుకున్నాడులే అనుకొని బాలమ్మ సంబరంగా ఇల్లు చేరింది. ఎంత తెలివితక్కువదమ్మా తల్లి మనసు... తనకు కావలసిన జవాబును ఎదుటివాళ్ళ మౌనంలో తనే రాసుకుంటుంది.

ఇప్పుడు ఒప్పుకుంటే అన్నను అడుగుతారు. ఎందుకు తగ్గించావంటే అతను ఏం చెప్తాడు? చెల్లెలు అడిగిందని చెప్తే అతని కొలువుకు మచ్చ. ఒప్పుకోకపోతే బిడ్డ బతుకు పటేలు చేనుపాలు. ఇంకా ఒక భయం... మళ్ళీ దిద్దితే ఉన్నవి కూడా పోతే?

"గద్వాలకు పోదాం" అంది చివరికి. "ముందు మామనే అడుగుదాం."

యేసయ్య గొణిగాడు కానీ అడ్డం చెప్పలేదు.

మర్నాడు తల్లీబిడ్డా బండిలో స్టేషనుకు వెళ్ళి రైలెక్కారు. కృష్ణ మీద వంతెన రాగానే రైలుపెట్టెలో ఆడవాళ్ళంతా కిటికీలోంచి పైసలు విసిరి దండం పెట్టుకున్నారు. "మామ ఉంటడో, ఊరికి పోయిండో... రైలు వంతెన మీద ఆగితే ఎట్ల..." అని బాలమ్మ సణుగుతూనే ఉంది.

"ఆగదే అమ్మా" అంది కాంతమ్మ. ఎన్నోసార్లు అన్న మాటలాగే అంది.

గద్వాలలో మిషన్ బంగళా వెనుక సామ్యూల్‌ది రెండు గదుల ఇల్లు. వదినె సుగుణమ్మ వాకిట్లో ఎదురొచ్చింది.

"రా బాలమ్మా. తొక్కు తెచ్చినవా, ఉట్టి చేతులతోనే వచ్చినవా? నువ్వు తొక్కు తెచ్చినప్పుడే మా ఇంటికి పరేషాన్ పట్టుకుంటది."

ఆ ఎగతాళి సూదిలా దిగింది. సుగుణమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "మీ అన్న ఆ పర్చాలు దిద్దిన దినం బువ్వ ముట్టలే. ఒక్క కాగితం కాడనే కూసున్నడు. మార్కు ఏస్తడు, కొట్టేస్తడు. ఏందయ్యా అంటే, 'నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు' అన్నడు. ఏమో, నాకేం తెల్వది."

అప్పుడే సామ్యూల్ లోపలినుంచి వచ్చాడు. మేనకోడలిని చూసి ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు. బాలమ్మకు ఇక ఆగలేదు. అన్న కాళ్ళ దగ్గర కూలబడింది.

"నేను అడిగినందుకే గదా అన్నా... నేను అడిగినందుకే గదా కోసినవు?"

"ఏం అడిగినవమ్మా?" అంది కాంతమ్మ.

తల్లి చెప్పింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కన్నీళ్ళ మధ్య మాటలు తెగిపోతూ చెప్పింది. కాంతమ్మ గోడకు ఆనుకొని వింది. సామ్యూల్ మంచంకోడు పట్టుకొని నేల చూస్తూ మాట్లాడాడు.

"మన పిల్ల పైకొస్తే ఎవరో ఒకరు అంటరు చెల్లె, వాళ్ళోళ్ళకు వాళ్ళే ఏసుకున్నరని. ఆ మాట పడొద్దని ఇన్నేండ్లు కాపాడుకున్న. నువ్వు అడగకుంటే నాకు భయం లేకుండె. 'మా ఊరి సంత' అని వ్యాసం రాసింది పిల్ల. అండ్ల ఒక ఆడామె ఉంటది. వంకాయలు ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసి, పురుగుంటదని భయపడి కొనకుంట నిలబడుతది. సంత లేచేయాళ్ళకు మంచియన్నీ ఎవరో కొంటరు. ఆమెకు పుచ్చులే మిగుల్తయి. ఆ పుచ్చులు కొనుక్కొని, నేను ముందే అనుకున్న, పురుగులే ఉన్నయి అనుకుంట ఇంటికి పోతది." అతని పెదవి మీద నవ్వు వచ్చి పోయింది. "సదివి ఒక్కడ్నే నవ్వుకున్న. మా చెల్లెనే అనుకున్న. మంచి మార్కు ఏసిన. ఏసినంక నువ్వు అడిగిన మాట చెవుల పడ్డది. ఇది రాతకు ఏసిన్నా, చెల్లెకు ఏసిన్నా? తేల్చుకోలేకపోయిన. కొట్టేసి తగ్గించిన. ఇంకా భయమైంది. ఇంకా తగ్గించిన... నా సుద్దతనం కోసరం బిడ్డ నోటికాడిది తీసిన."

బాలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. పుచ్చు వంకాయల ఆడమనిషి! కూతురు నవ్వుతూ రాసింది, కోపంతో కాదు... కానీ ఎంత నిజం రాసింది! భయపడి, భయపడి, మంచిదాన్ని చేతులారా పుచ్చు చేసుకున్నది తనే కదా!

కాంతమ్మ అప్పుడు అడిగింది. గొంతులో కోపం లేదు. అదే బాలమ్మను చీల్చింది.

"అమ్మా, నేను మంచిగ రాస్తనని నువ్వు ఒక్కసారన్న అనుకున్నవా?"

బాలమ్మ నోరు తెరిచింది. అనుకున్నానని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? కానీ అది అబద్ధం. కన్న కూతురి ముందు, అంత జరిగాక, ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు. కాంతమ్మ కాసేపు చూసి, అత్తతోపాటు పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

"రేపు నేనూ వస్త" అన్నాడు సామ్యూల్. "దొరసానికి నేనే చెప్త, కాగితం వేరేవాళ్ళకు చూపియ్యమని."

"నీ కొలువు పోతది అన్నా..."

"పోతే నీతోని మేకలు కాస్త. నువ్వు కాసినవు గద నా కోసరం."

ఇన్నేళ్ళకు ఆ మాట! అన్న మరిచిపోలేదు. బాలమ్మ గుండె నిండింది, అదే క్షణంలో సిగ్గుతో కుంగింది. తన త్యాగాన్ని మనసులో పెట్టుకున్న మనిషిని తనే ఇట్లా ఇరుకులో పెట్టింది.

ముగ్గురూ తిరుగు రైలెక్కారు. వంతెన వచ్చింది. బాలమ్మ ఈసారి ఏమీ సణగలేదు. కాంతమ్మ ఒకసారి తల్లి వైపు చూసింది, సణగడం లేదేమిటా అన్నట్టు.

నాగర్‌కర్నూలు బంగళాలో దొరసాని వరండాలోనే కూర్చుని ఉంది. తెల్లని గౌను, మెడ మీద చెమట, ముందు బల్ల. ఆమెది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

"సామ్యూల్ గారూ, మీరు దిద్దిన కాగితమును మరల దిద్దవలెనని మీరే అడుగుచున్నారా? ఎందుచేత?"

"నేను సరిగ్గ దిద్దలేదు, దొరసానమ్మా. తక్కువ వేసిన."

"పొరపాటుననా? తెలిసియా?"

"తెలిసే."

దొరసాని కలం కింద పెట్టింది. "తెలిసి ఒక బిడ్డకు అన్యాయము చేసితిరా? కారణమేమి?"

సామ్యూల్ జవాబు చెప్పలేదు. తలవంచి నిలబడ్డాడు. కారణం చెప్పాలంటే చెల్లెలి పేరు చెప్పాలి. అతను చెప్పడు. కొలువు పోగొట్టుకుంటాడు గానీ చెప్పడు. బాలమ్మకు ఆ మౌనం తెలుసు. కంచంలో చెయ్యి కడిగిననాడు దాన్ని తప్పుగా చదివింది. ఇప్పుడు అక్షరం అక్షరం సరిగ్గా చదువుతోంది.

"తల్లి వచ్చినది కదా" అని దొరసాని ఆమె వైపు తిరిగింది. "నీకు సమ్మతమేనా? మార్కులు తగ్గినయెడల అవియే నిలుచును. తరువాత నన్ను నిందింపరాదు."

తగ్గినయెడల... ఆ ఒక్క మాట చాలు. బాలమ్మ కళ్ళ ముందు అన్నీ నిలబడ్డాయి. కాగితం తగ్గుతుంది, పిల్ల ఫేలవుతుంది, అన్న వీధిన పడతాడు, యేసయ్య తిడతాడు, పటేలు నవ్వుతాడు... వద్దని తలాడిస్తే ఇక్కడితో అంతా ఆగిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. వరండా చూరుకింద పిచ్చుకలు అరుస్తున్నాయి. దొరసాని ఎదురుచూస్తోంది. సామ్యూల్ తల ఎత్తలేదు. కాంతమ్మ మాత్రం తల్లినే చూస్తోంది. నిన్న గద్వాలలో అడిగి, జవాబు రాక పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయిన ఆ చూపుతోనే.

బాలమ్మ నోరు విప్పింది.

"మా అన్న తప్పు లేదు దొరసానమ్మా. జర కనిపెట్టుకొమ్మని నేనే అడిగిన. నా బిడ్డ మీద నాకే నమ్మకం లేక అడిగిన. అడిగినందుకే ఆయన చెయ్యి వణికింది. ఏమన్న అంటే నన్ను అనండి." కొంగుతో కళ్ళు తుడుచుకొని, ఈసారి దొరసానిని కాక కూతురిని చూస్తూ చెప్పింది. "కాగితం దిద్దియ్యండి. నా బిడ్డ మంచిగ రాసింది."