గుక్కెడు నీళ్లు

పొద్దున్న ఎనిమిదయింది. కోడలు పాలసీసాలను మరిగే నీళ్లలో వేసి గడియారం వంక చూసింది. ప్రసవానికి పెట్టిన సెలవు నిన్నటితో అయిపోయింది. తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. పాపను చూసుకునే ఆయా ఇంకా రాలేదు.

ముందుగదిలో అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఏడాదిగా ఆవిడను దగ్గు వదల్లేదు. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, ఎవరికీ అంటదు అన్నారు డాక్టర్లు. అయినా కోడలు ఆవిడను పాప గది గుమ్మం దాటనివ్వలేదు.

చివరికి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లమన్నప్పుడు కోడలు ఫక్కున నవ్వింది. "అత్తయ్యకి ఇంకా మాటలు నేర్పుతారా? ఇక మనం బతికినట్టే!" అత్తగారూ నవ్వారు. అక్కడ ఏం నేర్పుతున్నారో ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఫోను మోగింది. ఆయాకు జ్వరం.

"ఇవాళ్టికి నేను చూస్తానమ్మా," అన్నారు అత్తగారు.

"ముందు దగ్గు తగ్గనీండి అత్తయ్యా."

"నెల నుంచి తగ్గింది. నువ్వే గమనించ..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుని, పెదాలు సున్నాలా చుట్టి, ఫూ అని ఊదారు.

కోడలికి ఒళ్లు మండింది. భర్త వైపు తిరిగింది. "చూశారా మీ అమ్మగారిని! నెలరోజులుగా ఇదే వరస. నేను నోరు విప్పితే చాలు, మొహం తిప్పుకుని ఊదేస్తారు. నేనేమన్నా పాల మీద మీగడనా, ఊది పక్కకి నెట్టడానికి?"

బూట్లు తొడుక్కుంటున్న కొడుకు తలెత్తాడు. "పలకవేమ్మా?"

ఆవిడ చెయ్యెత్తి ఆగమన్నారు.

"ఇప్పుడు చెయ్యి కూడానా! బాగుంది పెద్దరికం!"

ఆవిడ గ్లాసు అందుకుని గుక్కెడు నీళ్లు మింగారు. తర్వాత సంచిలోంచి మడత కాగితం తీసి కోడలి చేతిలో పెట్టారు.

'గొంతులో గరగర మొదలవగానే మాట ఆపండి. ముక్కుతో చిన్నగా పీల్చి, పెదాలు చుట్టి నెమ్మదిగా ఊదండి. నీళ్లు గుటక వేయండి.' కింద రోజుకో గడి. మొదటి గడిలో దగ్గు తెరలు నలభై. నిన్నటి గడిలో రెండు.

అడుగున థెరపిస్టు రాసిన ప్రశ్న: 'దగ్గు తగ్గాక మొదట ఏం చేయాలని ఉంది?'

పక్కనే అత్తగారి గుండ్రటి అక్షరాలు: 'పాప గది గుమ్మం దాటాలి.'

కోడలు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. "ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"చెప్పబోతే దగ్గొచ్చేది. దగ్గొస్తే నువ్వు తలుపేసేదానివి."

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, పాపను ఒళ్లో పెట్టింది. పాప కేరింత కొట్టింది. అత్తగారి గొంతులో మళ్లీ గరగర. ఆవిడ కంగారుగా మొహం తిప్పుకున్నారు.

"నెమ్మదిగా అత్తయ్యా," అంటూ కోడలు తనూ పెదాలు చుట్టి ఊదింది. ఇద్దరూ కలిసి ఊదారు. దగ్గు రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం ఇద్దరికీ వచ్చాయి.

ఆఫీసుకి బయల్దేరుతూ కోడలు ఉయ్యాల పక్కన ఒక గ్లాసు నీళ్లు పెట్టింది. తలుపు మాత్రం వేయలేదు.