గండికి అడ్డం పండినోడు

"నీరటీ!"

టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే వెంకటేశ్వరరావు సారు కార్డు చూసి ఇంటిపేరుతో పిలవగానే ఇద్దరు లేచారు. ఖాళీగా ఉన్న మిషను ఒక్కటే. చిన్నరాములు స్టూలు మీద కూర్చోబోయేలోపే ఒక టిఫిను డబ్బా వచ్చి దాని మీద ధన్‌మని కూర్చుంది.

"సారు నన్ను పిలిచిండు," అంది డబ్బా వెనక నిలబడ్డ అమ్మాయి.

"నన్ను పిలిచిండు. నీరటి అంటే నేనే."

"అబ్బో! లోకంల నీరటోళ్ళు మీరొక్కరేనా? నీ పేరేంది?"

"చిన్నరాములు."

"మరి పెద్దరాములు ఏడ? ఆయనకు గూడ సీటు ఆపుదామా?"

"మా పెద్దనాయిన. పొలం కాడ ఉన్నడు," అన్నాడు అతను నిజాయితీగా.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఎనభయ్యారో సంవత్సరం, సంగారెడ్డి పాత బస్టాండు ఎదురుగా ఉన్న మేడ మీద, చిన్నరాములు బతుకు అక్కడే పక్కకు తిరిగింది. అప్పుడతనికి ఆ సంగతి తెలియలేదు. స్టూలు పోయిందన్న కోపమే తెలిసింది.

"ఏమ్మా అరుణా, మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళా?" అని అడిగాడు సారు. ఆయనది గుంటూరు వైపు.

"కాదు!" అన్నారిద్దరూ. ఎంత గట్టిగా అన్నారంటే, మిగతా మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"మరి ఇంటిపేరు ఒకటేగా?"

"చెరువు తూము తీసి పొలాలకు నీళ్ళిడిసేటోన్ని నీరటి అంటరు సార్," అన్నాడు చిన్నరాములు. "ఊరికో చెరువు, చెరువుకో నీరటి. బడిల ఏసేటప్పుడు మీ నాయిన ఏం జేస్తడని అడిగి, ఆ పనే పేరు ముందల రాసిండ్రు. మాది బొమ్మనకుంట, ఈమెది ఏ ఊరో నాకెరుక లేదు."

"సింగవరం," అంది అరుణ. "పటాన్‌చెరు దిక్కు. మా నాయిన నేను చిన్నగున్నప్పుడే పోయిండు సార్. ఇప్పుడు మా ఊరి నీరటి మా నాయినమ్మ. ఆడది తూము కాడ దిగుడేందని ఊరంత నవ్వింది. నవ్వినోళ్ళ పొలాలకే ముందుగాల నీళ్ళిడిసింది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గడ్డం కొంచెం పైకి లేచింది. చిన్నరాములు స్టూలు సంగతి మరిచిపోయాడు.

ఆ రోజు నుంచి ఒకరి తర్వాత ఒకరు అదే మిషను మీద కొట్టారు. తన వంతు అయ్యాక అతను వెళ్ళిపోయేవాడు కాదు. రిబ్బను సరిచేస్తున్నట్టు నిలబడేవాడు. "రిబ్బను బాగనే ఉన్నది. నీకే ఏమో అయింది," అనేది ఆమె, తలెత్తకుండానే.

ఆ వానకాలం ఒక సాయంత్రం బస్టాండులో జనమంతా రేకుల కిందికి ఉరికారు. అరుణ మాత్రం ఆకాశం కేసి చూస్తూ నిలబడింది. అతను గొడుగు తెచ్చి ఆమె నెత్తి మీద పట్టాడు.

"తియ్యి," అంది. "నీరటోళ్ళకు గొడుగెందుకు? సూడనీయి. ఈ వాన మా చెరువుకు మోకాలు లోతు పెంచుతది."

"మా చెరువైతే అలుగు దుంకుతది."

"మీది చెరువా? కుంట! పేర్లనే ఉన్నది."

"కుంటైనా అలుగు దుంకుతది. ఒకసారి వచ్చి సూడు."

"మా చెరువు సూడనీకి నువ్వే రా." ఆ మాట నోరు జారిందని తెలిసి ఆమె బస్సు బోర్డు చదవడం మొదలుపెట్టింది. ఆ బోర్డు మీద ఉన్నది జోగిపేట. ఆమె పోవాల్సింది పటాన్‌చెరు.

అతను గొడుగు మూసేశాడు. ఇద్దరూ తడిశారు.

చలికాలం వచ్చేసరికి ఇంట్లో చెప్పక తప్పలేదు. అరుణ భయమంతా ఒక్కటే. "ఇంటిపేరు ఒక్కటంటే వరస తప్పుతదంటది నాయినమ్మ. నువ్వు సార్‌కు చెప్పినట్టే చెప్పు. పనిని బట్టి వచ్చిన పేరని చెప్పు. ఇంకోటి, మన ముచ్చట ఎత్తకు. మీ ఇంట్ల ఎసువంటోళ్ళు పుట్టిండ్రో చెప్పు. నీరటోళ్ళంటే ఆమెకు పానం."

అట్లాగే చిన్నరాములు తండ్రి సత్తయ్యను తీసుకుని సింగవరం వెళ్ళాడు. అరుణ నాయినమ్మ రాజవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ నీళ్ళలో నాని ఆమె పాదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. అరుణ గడపలో నిలబడింది.

"నీరటోనికి నీరటి పిల్లను ఎట్లిస్తరు సత్తయ్యా?" అంది రాజవ్వ.

చిన్నరాములు చెప్పాల్సింది చెప్పాడు. ఆమె చాలాసేపు విని తలూపింది. "పిలగాడు సదువుకున్నోడు. నువ్వనేది నిజమే బిడ్డా. ఊరికో నీరటి ఉంటడు, అందరు ఒక్క కడుపున పుడ్తరా? సరే, మీ ఇంట్ల పేరు మోసినోళ్ళెవలో చెప్పు, ఇంటా."

గడపలో అరుణ కళ్ళు మెరిశాయి. పని అయిపోయినట్టే అనుకున్నాడు చిన్నరాములు. చిన్నప్పటి నుంచి తండ్రి నోట విన్న కథను తండ్రి ముందరే, తండ్రి గొంతుతోనే చెప్పాడు. ఒక ముసురు రాత్రి చెరువు కట్టకు గండి పడిందట. ఊరోళ్ళు మట్టి తట్టలతో వచ్చేదాకా ఆపేది ఎట్లా? వాళ్ళింటి నీరటి గొంగడి కప్పుకుని ఆ గండికి అడ్డం పడుకున్నాడట. తెల్లారేసరికి కట్ట నిలిచింది, ఊరు నిలిచింది. మనిషి మాత్రం లేవలేదు.

సత్తయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

రాజవ్వ మొహంలో నవ్వు పోయింది. "గొంగడి కప్పుకొనా?"

"అవును నాయినమ్మా."

"పేరేంది ఆయనది?"

"పేరు ఎవలికెరుక? నీరటి. గంతే."

"తూము తీసేముందు ప్రతి ఏడు నేను ఎవలను పిలుస్తనో ఈ పిల్లనడుగు. గండికి అడ్డం పండినోడా, నీ నీళ్ళిడుస్తున్న, పైలం, కట్టను సూస్కో, అని పిలుస్త. ఆయన మా ఇంటోడు."

"మా ఇంటోడు," అన్నాడు సత్తయ్య. మాట మెత్తగానే ఉంది, కానీ మనిషి నిటారుగా కూర్చున్నాడు.

"గసువంటోడు ఒక్కడే పుట్టిండు," అంది రాజవ్వ. "ఆయన మీ ఇంటోడైతే నువ్వు నాకు మనుమనివి. ఈ పిల్లకు అన్నవైతవు. కాదంటవా, నీ ముచ్చట అబద్ధమని చెప్పు బిడ్డా. ఇప్పుడే, ఈ అరుగు మీదనే పిల్లనిస్త."

ఒక్క మాట. చిన్నరాములు గడప వైపు చూశాడు. చెప్పు, చెప్పు అంటున్నాయి అరుణ కళ్ళు. తండ్రి వైపు చూశాడు. ఊళ్ళో పెద్దరైతులు పంట కాడ నీరటి వాటా గింజలు తగ్గించి పోసిన రోజుల్లో, కోపమొచ్చి చెప్పులు విడిచి నిలబడమన్న రోజుల్లో, సత్తయ్య ఇంటికొచ్చి పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని ఈ కథే చెప్పేవాడు. ఆయనకు వేరే ఆస్తి లేదు.

చిన్నరాములు ఏమీ అనలేదు.

బస్సు కాడికి అరుణ ఒక్కతే వచ్చింది.

"ఒక్క మాట అంటే అయిపోతుండె."

"మా నాయిన పక్కన కూసున్నడు అరుణా."

"నేను ఎదురుంగ నిలవడ్డ," అంది ఆమె.

తర్వాత ఆమె టైపుకు రాలేదు. ఆ మిషను మీద వేరెవరో నేర్చుకున్నారు.

చిన్నరాములుకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది, జహీరాబాద్ అవతల. సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సాకు చెప్పాడు. సత్తయ్య మొదట కోప్పడ్డాడు, తర్వాత అడగడం మానేశాడు. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. ఆ పగటి సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అరుణ పటాన్‌చెరులో మందు గోలీలు ప్యాకింగు చేసే కంపెనీలో చేరిందని, పెళ్ళి చేసుకోలేదని టైపు సారు ఒకసారి చెప్పాడు. విననైతే విన్నాడు గానీ, ఏ మొహం పెట్టుకుని పోవాలో అతనికి తెలియలేదు.

ఆ ఏళ్ళలోనే చెరువులు పోయాయి. సింగవరం చెరువులోకి ఎగువన ఫ్యాక్టరీల నీళ్ళు దిగాయి. మొదట చేపలు తేలాయి. తర్వాత తూము నీళ్ళు తాగిన వరి కొసలు కాలినట్టు ఎర్రబడింది. ఆ తర్వాత తూము తీయమని రాజవ్వను అడిగే రైతు లేకుండా పోయాడు. బొమ్మనకుంటకు అంత బాధ కూడా మిగల్లేదు. దాన్ని మట్టితో పూడ్చి, తెల్ల రాళ్ళు పాతి, ప్లాట్లని అమ్మారు.

సత్తయ్య తొంభైతొమ్మిది ఎండకాలంలో పోయాడు. పోయే ముందు రోజు కొడుకును పిలిచి, "ఆ ముచ్చట జెర చెప్పు," అన్నాడు. చిన్నరాములు చెప్పాడు. గొంగడి దగ్గరికి వచ్చేసరికి సత్తయ్య పెదవులు కూడా కదిలాయి.

కర్మలన్నీ అయ్యాక, వానలు మొదలైనప్పుడు, చిన్నరాములు సింగవరం బస్సెక్కాడు.

అరుణ చెరువు కట్ట దగ్గర కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. జుట్టులో తెలుపు కనిపిస్తోంది. ఇతన్ని చూసి రుమాలు తీసింది.

"సారు గారు ఎవలి కోసం వచ్చిండ్రు?" అంది. ఆ వెంటనే అలవాటు కొద్దీ, "పెద్దరాములు ఏడ?" అంది.

"పోయిండు. మా నాయిన గూడ పోయిండు."

ఆమె తల దించుకుంది. రుమాలు మడుస్తూ, "ఎందుకొచ్చినవ్?" అంది.

"చెప్పనీకి. ఆ ముచ్చట అబద్ధమని."

"ఇప్పుడా?"

"ఇప్పుడు పక్కన ఎవలు లేరు."

"ఎవలు లేనప్పుడు చెప్తే ఏం ఫాయిదా రాములూ?" అంది. తిట్టినట్టు లేదు, అలసిపోయినట్టు ఉంది. కంపెనీ బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆమె ఎక్కలేదు. "రా," అంది.

రాజవ్వ అదే అరుగు మీద ఉంది. చూపు మందగించింది. పాదాల పగుళ్ళు మానిపోయాయి. ఆ మానిన పాదాలను చూస్తే చిన్నరాములుకు దుఃఖం వచ్చింది.

"నాయినమ్మా, నేను బొమ్మనకుంట నీరటి సత్తయ్య కొడుకును. ఆనాడు నేను చెప్పిన ముచ్చట..."

"ఆగు," అంది రాజవ్వ. "అబద్ధమని చెప్పనీకొచ్చినవా? చెప్పకు బిడ్డా."

అతను ఆగిపోయాడు.

"మా చెరువు గిట్లాయె. మీ కుంట లేకపాయె. నేను పోతే ఆ మనిషిని తలుసుకునేటోళ్ళు ఎవలున్నరు? ఒక్క ఇంట్లనన్న ఉండనీ." ఆమె కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎన్ని చెర్లు తెగినయి, ఎన్ని గండ్లు పడ్డయి! మా కట్టకు మావోడు పండి ఉంటడు, మీ కట్టకు మీవోడు పండి ఉంటడు. గొంగడి ఎవలింట్ల లేదు? ఇద్దరు వేరే వేరే మొగోళ్ళు. వరస తప్పేదేమున్నది? తీస్కపో పిల్లను."

ఇంతే మాట. ఆ చలికాలపు పగటి పూట, ఇదే అరుగు మీద, ఇంత తేలిగ్గా అనగలిగిన మాట.

"అప్పుడెందుకు అనలేదు నాయినమ్మా?" అని అడిగింది అరుణ.

"అప్పుడు చెర్ల నీళ్ళున్నయి బిడ్డా," అంది రాజవ్వ.

ముసలామే మళ్ళీ అంది: "కట్ట మీదికి పోండ్రి. ఆ ఇద్దరినీ పిలిచి, గిట్ల ఒక్కటైతున్నమని చెప్పుండ్రి. ఇడవనీకి నీళ్ళు లేవు గని, పిలుపు తప్పొద్దు."

ఇద్దరూ కట్ట ఎక్కారు. చెరువు నల్లగా, నురుగు పట్టి, కదలకుండా ఉంది. తూము చుట్టూ సర్కారు తుమ్మ మొలిచింది.

"గండికి అడ్డం పండినోడా," అని అరుణ పిలిచింది. "గండికి అడ్డం పండినోడా," అని చిన్నరాములు పిలిచాడు. నీళ్ళిడుస్తున్న, పైలం అనే తర్వాతి మాట ఇద్దరి నోటా రాలేదు.

వాన మొదలైంది. ఫ్యాక్టరీల మీదుగా వచ్చిన వాన, కళ్ళు కొంచెం మండాయి. ఇద్దరిలో ఎవరూ తలెత్తి ఆకాశం చూడలేదు. ఈ వాన ఎంత లోతని ఎవరూ అనలేదు.

చిన్నరాములు చంకలో గొడుగు ఉంది. దాన్ని తీయాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

"ఇప్పు రాములూ," అంది అరుణ, అతని పక్కకు జరుగుతూ. "తడుస్తున్నం."