మూడో అంతస్తు బంగారత్త

రెండువేల డెబ్బై నాలుగులో గాజువాక అపార్టుమెంట్లలో సాయంత్రం ఐదున్నర అయిందంటే ఇంటికో రకం నవ్వు వినిపించేది. టీవీలో అందరికీ ఒకే కామెడీ రావడం అప్పటికే పోయింది. ఏ ఇంటి కామెడీ ఆ ఇంటిదే. గృహహాస్య యంత్రం అని దాని అసలు పేరు. జనం నవ్వులపెట్టె అన్నారు. దాని నుదుట ఒక కన్ను ఉంటుంది. ఇంట్లోవాళ్ళ నడక, మాట, విసుగు అన్నీ పగలంతా ఆ కన్ను చూస్తుంది. వాటిలోంచి ప్రవర్తనా నమూనాలు తీసి, మొహాలూ వయసులూ మార్చి, సాయంత్రానికి ఇరవై నిమిషాల నాటిక అల్లి గోడమీద వేస్తుంది. ఏ పాత్ర ఎవరిలోంచి పుట్టిందో మాత్రం చెప్పదు. చెబితే కాపురాలు నిలవవని తయారుచేసినవాళ్ళకు ముందే తెలుసు.

మూడో అంతస్తులో నీలవేణి ఇంటి నాటికలో బంగారత్త అని ఒకావిడ. బొద్దుగా ఉంటుంది, ముక్కుకు పెద్ద బేసరి. గిన్నెలతోనూ మిషన్లతోనూ తగువు పెట్టుకోవడమే ఆవిడ పని. ఆవిడ గరిటె పట్టుకుని వస్తే చాలు, ఐదేళ్ళ పున్నమి పొట్ట పట్టుకుని నేలమీద దొర్లేది.

కన్నతల్లి నీలవేణికి కడుపు మండిపోయేది.

చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయినా, అపార్టుమెంటులో ఏ పరికరం చెడినా అందరూ ఆమె దగ్గరకే వచ్చేవారు. ఫోన్ల చిట్కాలన్నీ ఆమెకు నోటికొచ్చు. పిల్ల దగ్గర మాత్రం ఆమె నోట వేరే మాటలు వచ్చేవి: "పరిగెట్టకు, పడిపోతావు." "నీళ్ళు తాగినావా?" "ఏదీ, నుదురు సూడనీ." ఆ మాటలకు ఏ పిల్ల నవ్వుతుంది?

ఆ రోజు ఎదురింటి హైమ తడిసిన ఫోను పట్టుకొచ్చింది.

"బియ్యంలో పెడదామా, నీలా?"

"వద్దక్కా, బియ్యం ధూళి దూరిపోద్ది. ఆపేసి ఫేను కింద నిలబెట్టు."

హైమ పున్నమిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాటిక చూసింది. ఆ పూట బంగారత్త అన్నం కుక్కరుతో దెబ్బలాట. "మా ఇంటి కామెడీలో ఇంత పస లేదే! నీ కూతురికి ఆ అత్తే తల్లయిపోనాది, సూడు," అని పగలబడి నవ్వింది.

నీలవేణి నవ్వలేదు. హైమ రోజూ వస్తుంది. గట్టిగా మాట్లాడుతుంది. బంగారత్త పుట్టింది ఈవిడలోంచే, అనుకుంది.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళగానే నవ్వులపెట్టె ముందు కూర్చుంది. ఏ యంత్రానికైనా బాగుచేసేవాళ్ళ కోసం లోపలి తలుపు ఒకటుంటుంది; అక్కడ అది ఏదీ దాచదు. పవర్ మీటా, శబ్దం మీటా కలిపి ఏడు లెక్కపెట్టేదాకా నొక్కింది. తలుపు తెరుచుకుంది.

"బంగారత్తని తీసేయి."

"తీయగలను," అంది యంత్రం మర్యాదగా. "అయితే ఆమె పుట్టిన మూలవ్యక్తిని కూడా నేను మరిచిపోవలసి వస్తుంది. సమ్మతమేనా?"

"ముందు ఎవరో సెప్పు. హైమక్కే కదూ?"

"కాదు."

గోడమీద వంటగది కనిపించింది. బక్కపల్చటి మనిషి ఒంటరిగా నిలబడి, గరిటె ఆడిస్తూ కుక్కరును తిడుతోంది: "కూడు ఉడకెట్టమంటే ఊరంతా ఈల ఏస్తావేటే? నీకన్నా మా ఆయనే నయం, తిన్నాకే గుర్రెడతాడు!" అంతలోనే దాని మూత నిమురుతోంది. "కోపమొచ్చినాదా, అమ్మా?"

ఆ మనిషి నీలవేణే.

"ఎవరూ లేనప్పుడే ఈ నమూనా దొరుకుతుంది," అంది యంత్రం. "పాప రాగానే ఆగిపోతుంది."

నీలవేణి లోపలి తలుపు మూసేసింది. ఏదీ చెరపలేదు.

సాయంత్రం పున్నమి రాగానే కొంగు దోపి, గరిటె పట్టుకుని, హాలులో బంగారత్తలా ఊగుతూ నడిచింది. పిల్ల సీరియస్‌గా చూసింది.

"అత్త అలా కాదమ్మా. నువ్వు కాపీ కొడతన్నావు."

అంతే. నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. గిర్రున యంత్రం వైపు తిరిగింది.

"ఓలమ్మో, దొంగదానా! నా గరిటె, నా నోరు ఎత్తుకెల్లి, ఎవత్తికో బేసరెట్టి, నా పిల్లకే సూపిస్తావేటే? నీ కంట్లో కారం కొట్ట! రేపు నువ్వు తడిసి సావు, ఫేను కింద ఎట్టను. బియ్యం బస్తాలో పాతరేస్తాను!"

వెనక దబ్బుమని చప్పుడు. పిల్ల పడిపోయిందనుకుని గబుక్కున తిరిగి చూసింది. పున్నమి నేలమీద దొర్లుతోంది. నవ్వి నవ్వి కళ్ళవెంట నీళ్ళు.

"ఇప్పుడు అచ్చం అత్తలాగున్నావమ్మా!"

"నేను అత్తలాగ కాదే," అంది నీలవేణి రొప్పుతూ. "అత్తే నాలాగ!"

అప్పుడు చూసింది. నవ్వులపెట్టె కన్ను ఎర్రగా వెలుగుతోంది. ఈ తిట్లూ ఈ నవ్వూ రేపటికి ఏరుకుంటోంది. చేతికందిన తువ్వాలు తీసి దానికి బిగించి ముడేసింది.

"కన్ను పనిచేయడం లేదు," అంది యంత్రం తువ్వాలు వెనకనుంచి. "రేపటి నాటికకు సామగ్రి చాలదు. దయచేసి బాగుచేయండి."

అపార్టుమెంటులో చెడిన వస్తువును ఒక్కదాన్నీ వదలని నీలవేణి ఆ మాట విననట్టే పిల్ల పక్కన నేలమీద చతికిలబడింది.